నానమ్మ నేర్పిన త్రాహిమాం



పోయిన నెల యౌవనస్థుల కూడిక అయిపోయాక, కీబోర్డు వాయించే తమ్ముడు ఒకడు మమ్మల్ని ఆపి అడిగాడు. "అయ్యగారూ, ఏ కూడికకు వచ్చినా మీరు పాత కీర్తనే ఎత్తుకుంటారు. మా పాటలు మీకు నచ్చవా?" పక్కనున్న పిల్లలు నవ్వారు. మేమూ నవ్వి, "నచ్చవని ఎవరన్నారు?" అని తప్పించుకున్నాం. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట మమ్మల్ని వదల్లేదు. మాకు ఏ పాట ఎందుకు నచ్చుతుందో, ఏది ఎందుకు నచ్చదో ఎప్పుడూ కూర్చుని ఆలోచించింది లేదు. ఆలోచిస్తే అంతా ఒక్క పాట దగ్గరికి వెళ్ళి ఆగింది. అది మా నానమ్మ నేర్పిన 'త్రాహిమాం' కీర్తన.

ఆ పాట మాకు ఏమిచ్చింది, అది ఎక్కడి నుంచి మన కారేపల్లి దాకా వచ్చింది, దాన్ని అడ్డం పెట్టుకుని మేము చేసిన తప్పేమిటి, ఈ మూడూ ఈసారి రాస్తున్నాం. ఓపికగా చదవండి.

తునికాకు కట్టల దగ్గర

మన అడవి పక్క ఊళ్ళలో ఎండాకాలం అంటే తునికాకు కాలం. మా చిన్నప్పుడు, అంటే 1980ల చివర్లో, మా నానమ్మ తెల్లారకముందే అడవికి పోయేది. పొద్దెక్కేసరికి గుడ్డ మూటలో ఆకు తెచ్చి వేపచెట్టు కింద పోసేది. ఇక ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కట్టాలి. కట్టకు 50 ఆకులు. సాయంత్రం కల్లానికి మోసుకుపోతే కల్లేదారు చూసుకునేవాడు. ఆకు తక్కువైన కట్ట పక్కన పడేసేవాడు. కాబట్టి లెక్క తప్పకూడదు. పిల్లలం మేము లెక్క తప్పేవాళ్ళం, కునికేవాళ్ళం. మా కునుకు పోగొట్టడానికి నానమ్మ పాట ఎత్తుకునేది. ఆమె వేళ్ళు ఆకులు లెక్కపెడుతుంటే నోరు కీర్తన పాడేది. రెండూ ఒక్కసారి ఎలా సాగేవో మాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆమెకు చదువు రాదు. సంతకం చేయాల్సి వస్తే వేలిముద్రే. కానీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటలు ఎన్నో ఆమె నోట ఉండేవి. వాటిలో ఎక్కువసార్లు పాడేది త్రాహిమాం. ముందు పల్లవి తాను పాడి, "ఊఁ, అందుకోండి" అనేది. మేము అందుకునేవాళ్ళం. చరణం మరిచిపోతే తిట్టేది కాదు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేది. అలా కాగితం ముక్క లేకుండా మొత్తం పాట మాకు వచ్చేసింది.

ఆమె ఆ మొదటి మాటను సరిగా పలికేది కాదు. 'తాయిమాం' అనేది. అమ్మను పిలిచే పాట కాబోలు అనుకున్నాం మేము. ఒకరోజు అడిగాం, "నానమ్మా, తాయిమాం అంటే ఏంటి?" ఆమె చేతిలో కట్ట ఆపకుండానే చెప్పింది. "నీళ్ళల్లో మునిగేటోడు ఏమని అరుస్తడురా? అదే ఇది."

తర్వాత చాలా ఏళ్ళకు సెమినరీలో మా గురువుగారు ఆ సంస్కృత పదాన్ని విడదీసి, 'నన్ను కాపాడు' అని అర్థం చెప్పారు. నానమ్మ చెప్పిందానికి ఒక్క అక్షరం కూడా ఎక్కువ లేదు. మత్తయి సువార్త 14వ అధ్యాయంలో పేతురు మునిగిపోతూ వేసిన కేక అదే. చదువురాని ఆమె ఆ అర్థాన్ని ఎవరి దగ్గరో విని, సరిగ్గానే దాచుకుంది.

ఆదివారం గుడిలో కూడా అదే పాట. అప్పట్లో మా ప్రార్థన మందిరం తాటాకుల పాక. మన ఊరు జంక్షను కదా, గంటకు బదులు చెట్టుకు ఒక రైలుపట్టా ముక్క వేలాడేది. దాన్ని ఇనుప మేకుతో కొడితే అర మైలు వినబడేది. లోపల ఒక పాత హార్మోనియం, ఒక జత తాళాలు. కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకుంటే పెట్రోమాక్సు లైటు. పుస్తకం ఇద్దరు ముగ్గురి చేతుల్లోనే ఉండేది. పాట మొదట్లో రాగం, తాళం అని అచ్చు వేసి ఉండేది. ఆ రాగాల పేర్లు చూసి, పాట రాసినవాళ్ళ పేర్లు అనుకునేవాళ్ళం మేము.

అలా విని విని మా చెవి ఒక తీరుకు అలవాటు పడింది. పాట నిదానంగా నడవాలి. ఒకరు ఎత్తితే పదిమంది అందుకోవాలి. పాడేవాడు పైన కాదు, కింద నిలబడి ఉండాలి. అయ్యా నాకు ఇది కావాలి, అది కావాలి అని కాకుండా, నువ్వు లేకపోతే నేను లేను అని చెప్పాలి. రేడియోలో ఏ పాట విన్నా మా మనసు ఆ మొర కోసమే వెతికేది. సినిమా పాటైనా, కచేరీ అయినా, ఎక్కడో ఒకచోట గొంతు అలా వంగితే అక్కడ ఆగిపోయేవాళ్ళం. లేకపోతే ఎంత గొప్ప వాయిద్యాలున్నా మనసుకు పట్టేది కాదు. ఇది మంచి అలవాటే. నానమ్మ ఇచ్చిన ఆస్తి అనే చెప్పుకుంటాం.

రాసిన ఆయన ఎవరు

ఈ కీర్తన రాసింది పురుషోత్తమ చౌదరి గారు. 1803లో పర్లాకిమిడి దగ్గర పుట్టారు. బెంగాలీ మూలాలున్న బ్రాహ్మణ కుటుంబం. ఒడియా, తెలుగు కలిసే చోటు అది. 30 ఏళ్ళ వయసులో, 1833లో, కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత సువార్తికునిగా, కాపరిగా ఉత్తరాంధ్ర, ఒడిశా ప్రాంతాల్లో తిరిగి పనిచేశారు. 1890లో ప్రభువు నందు నిద్రించారు. వందకు పైగా కీర్తనలు రాశారు. కులభేదాన్ని ప్రశ్నిస్తూ 'కులాచార పరీక్ష' అనే పుస్తకం కూడా రాశారు. ఈ సంగతి మన సంఘాల్లో కీర్తనలు పాడేవాళ్ళలో కూడా చాలామందికి తెలియదు.

ఆయన కాలానికి తెలుగులో క్రైస్తవ రచన కొత్త. విశాఖపట్నంలో లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లో పని మొదలుపెట్టారు. ప్రిచెట్ దొరగారు తెలుగులోకి తెచ్చిన కొత్త నిబంధన 1818లో అచ్చయింది. వచనం వచ్చింది, మరి పాట? తెల్లదొరల దేశంలో పాడే పాటల్ని, అదే బాణీలో, తెలుగు మాటలు కూర్చి పాడించడం ఒక దారి. ఆ దారిలో వచ్చిన పాటలు మన పుస్తకంలో ఇప్పటికీ ఉన్నాయి, మనం పాడుతూనే ఉన్నాం. చౌదరి గారు ఇంకో దారి పట్టారు. పల్లవి, అనుపల్లవి, చరణాలు, పైన రాగం, తాళం. అంటే తెలుగు దేశంలో భక్తులు అప్పటికే పాడుకుంటున్న కీర్తన పద్ధతి.

ఆ పద్ధతి మన జిల్లా వాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. భద్రాచల రామదాసు, అసలు పేరు కంచర్ల గోపన్న, మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లి మనిషి. 17వ శతాబ్దంలో తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. భద్రాచలంలో గుడి కట్టించిన డబ్బు విషయంలో గోలకొండ కోటలో ఖైదు చేశారు. ఆ చెరసాలలో ఉండి పాడిన కీర్తనలు ఇప్పటికీ జనం నోట ఉన్నాయి. సంకెళ్ళలో ఉన్న మనిషి దేవుణ్ణి నిలదీసి, బతిమాలి, అలిగి, మళ్ళీ బతిమాలి పాడే ఆ ధోరణి తెలుగు కీర్తనలో బలంగా నిలిచిపోయింది.

ప్రియులారా, ఇక్కడ ఒక మాట తేటగా చెప్పాలి. రామదాసు ఎవరిని పిలిచారు, చౌదరి గారు ఎవరిని పిలిచారు అనే తేడా మనకు చిన్నది కాదు. మన విశ్వాసం అంతా ఆ తేడా మీదే ఉంది. కానీ పిలిచిన తీరు, ఆ గొంతు వంపు, పల్లవికి మళ్ళీ మళ్ళీ తిరిగి రావడం, తనను దాసుడని చెప్పుకోవడం, ఇవి చౌదరి గారు పుట్టిన నేల నుంచే తీసుకున్నారు. వాటిని ఆయన పారేయలేదు. క్రీస్తు పాదాల దగ్గర పెట్టారు. ఆర్.ఆర్. సుందరరావు గారు తెలుగు కీర్తనల పుస్తకంలో ఉన్న భక్తి ధర్మం మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు, 1983లో వచ్చింది. మన దైవజ్ఞానం చాలావరకు ఉపన్యాసాల్లో కాదు, ఈ పాటల్లోనే ఉందని దాన్ని చదివాక మాకు తెలిసొచ్చింది.

అలా చేయడం అందరికీ ఒప్పుదలగా ఉండేది కాదు. తంజావూరులో వేదనాయగ శాస్త్రి గారు (1774–1864) తమిళంలో గొప్ప క్రైస్తవ కవి. 1820ల చివర్లో, కొత్తగా వచ్చిన మిషనరీలు ఆరాధనలో తమిళ కీర్తనలు పాడనివ్వడం లేదని ఆయన గట్టిగా ఫిర్యాదు రాశారు. తన భాష పాట ఆపినందుకు ఆయన పడ్డ బాధ న్యాయమైనదే. కానీ అదే ఫిర్యాదులో గుడిలో కులాలు కలిపి కూర్చోబెట్టడాన్ని కూడా ఆయన తప్పుపట్టారు. తన పాటకు తలుపు తెరవమని అడిగిన మనిషే, ఇంకొకరు పక్కన కూర్చోవడానికి తలుపు మూశారు. ఆయన్ని చూసి మేము నవ్వలేం. ఎందుకో కిందికి వచ్చాక చెబుతాం.

ఇంకా వెనక్కి పోతే జర్మనీలో లూథర్ గారు 1524లో జనం భాషలో పాటల పుస్తకం తెచ్చారు. ఇంగ్లండులో, బైబిల్లోని కీర్తనలే తప్ప వేరే పాడకూడదని చాలామంది పట్టుబట్టిన కాలంలో, ఐజాక్ వాట్స్ గారు 1707లో తన సొంత పాటలు అచ్చు వేశారు. మన పక్క మహారాష్ట్రలో నారాయణ వామన్ తిలక్ గారు (1861–1919) తుకారాం పాడిన అభంగాల పద్ధతిలోనే క్రీస్తును పాడారు. ఈరోజు మనం 'పాత పాట' అని గౌరవించే ప్రతిదీ ఒకప్పుడు ఎవరికో ఒకరికి కొత్తగా, కొంచెం అనుమానంగా వినిపించిన పాటే.

డోర్నకల్ మీదుగా

పర్లాకిమిడి ఎక్కడ, కారేపల్లి ఎక్కడ! మధ్యలో ఎన్నో జిల్లాలు. పైగా అప్పట్లో అది ఇంగ్లీషువారి రాజ్యం, ఇది నైజాం రాజ్యం. చౌదరి గారి పాట మా నానమ్మ నోటికి ఎలా వచ్చింది?

మన రైలు దారి చూడండి. డోర్నకల్ దగ్గర పెద్ద లైను నుంచి విడిపోయి కారేపల్లి వస్తుంది. ఇక్కడి నుంచి ఒకటి ఇల్లెందుకు, ఒకటి కొత్తగూడెం వైపు భద్రాచలం రోడ్డుకు. బొగ్గు కోసం వేసిన దారి ఇది. మన సింగరేణి పేరు మీదనే బొగ్గు కంపెనీ పేరు వచ్చింది. ఆ డోర్నకల్‌కు దక్షిణాది నుంచి తమిళ విశ్వాసులు వచ్చారు. తిరునెల్వేలి వాళ్ళు 1903లో సొంతంగా ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, తమ చందాలతో, తమ మనుషుల్ని డోర్నకల్ ప్రాంతానికి పంపారు. ఆ సంఘం పెట్టడంలో ముందు నిలిచిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1909లో తానే ఇక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో మొదటి బిషప్పు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నారు.

ఆయన కాలంలో పల్లెల్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో అక్షరం వచ్చినవాళ్ళు తక్కువ. పగలంతా కూలి. రాత్రి దీపం దగ్గర ఉపదేశి కూర్చోబెట్టి ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి నేర్పేవాడు. నోటికి నిలవాలంటే పాట కావాలి. అందుకే తెలుగు కీర్తన పల్లెలకు బైబిలు కంటే ముందే చేరింది. డోర్నకల్ కెథెడ్రల్ చూసినవాళ్ళకు తెలుసు, 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ గుడి ఇంగ్లండు గుడిలా ఉండదు. ఈ దేశపు మందిరాల, మసీదుల పోలికలు దానిలో కలిసి ఉంటాయి. కట్టడంలో వాళ్ళు చేసినదాన్నే కీర్తన పాటలో ముందే చేసింది.

ఒక్కసారి ఆలోచించండి. సంస్కృతం చదివే హక్కు లేదని తరతరాలుగా ఎవరిని దూరం పెట్టారో, వాళ్ళ ఆడపడుచులు నాట్లు వేస్తూ, మిరపకాయలు కోస్తూ, తునికాకు కడుతూ 'త్రాహిమాం' అని పాడారు. పలకడంలో తప్పు వచ్చినా అర్థంలో తప్పు రాలేదు. ఇది మన సంఘ చరిత్రలో పెద్ద సంగతి అని మా నమ్మకం.

అయితే లోపలికి రానిది కూడా ఒకటుంది, డప్పు. మా చిన్నప్పుడు గుడిలో డప్పు కొట్టనిచ్చేవాళ్ళు కాదు. మేము సెమినరీ నుంచి వచ్చిన కొత్తలో, ఇదంతా దొరలు నేర్పిన సిగ్గు అని పెద్దలతో వాదించాం. ఒక పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. "అయ్యా, మేము డప్పు ఇష్టపడి కొట్టలే. చావుకు పిలిస్తే పోవాలె, జాతరకు పిలిస్తే పోవాలె, చాటింపుకు పిలిస్తే పోవాలె. పోకుంటే తన్నులు. బాప్తిస్మం రోజు దాన్ని దూలానికి తగిలించి, ఇక నన్ను ఎవడూ పిలవడు అనుకున్నా." ఆ మాట విన్నాక మేము నోరెత్తలేదు. ఒకరికి డప్పు వదలడం విడుదల. వాళ్ళ మనవళ్ళకు అదే డప్పు మళ్ళీ పట్టుకోవడం విడుదల. రెండూ నిజమే. ఇప్పుడు మన క్రిస్మస్ ఊరేగింపులో డప్పు మోగుతోంది. ఆ పెద్దాయన బతికుంటే ఏమనేవాడో గానీ, ఆయన్ని తప్పు పట్టే హక్కు మనకు లేదు.

మేము నోరు మూయించిన పాట

ఇక మా తప్పు. దాదాపు పన్నెండేళ్ళ క్రితం సంగతి. మన పక్క తండాలో ప్రార్థన మొదలైన కొత్త. లంబాడీ కుటుంబాలు నాలుగైదు వచ్చేవి. వాళ్ళలో ఒక పెద్దావిడ, అందరూ యాడీ అని పిలిచేవాళ్ళు, బాప్తిస్మం తీసుకున్న నెలకే ఒక సాయంత్రం కూడికలో లేచి పాడింది. వాళ్ళ గోరుబోలి భాషలో. తానే కట్టుకుంది. పాట సాగదీసుకుంటూ, మధ్యలో ఏడుపు గొంతుతో ఉంది. కూర్చున్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

మాకు ఆ బాణీ తెలుసు. లంబాడీ ఇళ్ళలో పెళ్ళికూతురు అత్తారింటికి పోయేటప్పుడు తల్లినీ తోబుట్టువులనూ పట్టుకుని ఏడుస్తూ పాడే పాట ఉంటుంది, దాన్ని ఢావ్లో అంటారు. అదే బాణీ. మాకు మనసులో ముల్లు గుచ్చినట్టయింది. అందరి ముందే అన్నాం, "అమ్మా, ఇది పెళ్ళి ఏడుపు పాట. ఆరాధనకు ఇట్లా కాదు. ముందు కీర్తనలు నేర్చుకో, త్రాహిమాంతో మొదలుపెడదాం."

ఆమె "సరే అయ్యగారూ" అని కూర్చుంది. రెండేళ్ళు ప్రతివారం వచ్చింది. చప్పట్లు కొట్టింది. పాడలేదు. మేము గమనించనే లేదు. పైగా ఒక ప్రసంగంలో, నెమ్మది గల స్త్రీ అని ఆమెను మెచ్చుకున్నాం కూడా.

రెండేళ్ళకు ఆమె భర్త చనిపోయాడు. తండా పక్కన చేలో సమాధి కార్యక్రమం. మాతో ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరే. మేము త్రాహిమాం ఎత్తుకున్నాం. పల్లవి పాడి అందుకోమని చూస్తే అందుకునేవాళ్ళు లేరు. రెండేళ్ళు నేర్పామనుకున్నాం గానీ, అది వాళ్ళ నోటికి దిగలేదు. రెండో చరణానికి మా గొంతు కూడా ఆగింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు యాడి మెల్లగా మొదలుపెట్టింది. అదే పాట, మేము ఆపిన పాట. ఆమె ఒక ముక్క పాడితే తండా ఆడవాళ్ళంతా అందుకున్నారు. ఒకరు ఎత్తడం, పదిమంది అందుకోవడం. వేపచెట్టు కింద మేము విన్నది అదే కదా!

మాకు ఆ పాటలో అర్థమైనది యేసు పేరొక్కటే. తర్వాత ఒక యువకుడు తెలుగులో చెప్పాడు. "నాకు తెలియని ఇంటికి పోతున్నా, దారి తెలియదు, చెయ్యి పట్టుకుని తీసుకుపో ప్రభువా, నన్ను వదలకు" అని దాని భావమట. సమాధి దగ్గర అంతకంటే ఏం పాడతారు? చిన్నప్పుడు 'తాయిమాం' అనే మాట తెలియకుండానే మేము పాడాం. ఇప్పుడు మాటలు తెలియకుండానే విన్నాం. కేక మాత్రం ఒక్కటే. నీళ్ళల్లో మునిగేవాడి కేక.

ఆ రాత్రి మార్కు సువార్త 10వ అధ్యాయం తెరిచాం. దారి పక్కన కూర్చున్న గుడ్డి బర్తిమయి కరుణించమని కేకలు వేస్తున్నాడు. ఊరుకోమని అతన్ని గద్దించినవాళ్ళు ఎవరు? శత్రువులు కాదు, యేసు వెంట నడుస్తున్న జనమే. అప్పటిదాకా ఆ భాగం చదివిన ప్రతిసారీ మేము బర్తిమయి పక్కన నిలబడినట్టు అనుకున్నాం. త్రాహిమాం పాడేవాళ్ళం కదా! ఆ రోజు మాత్రం మేము ఏ గుంపులో ఉన్నామో తెలిసింది. యేసు ఆగాడు. అతన్ని పిలవమన్నాడు. గద్దించిన నోళ్ళే అతన్ని రమ్మని పిలవాల్సి వచ్చింది.

మర్నాడు తండాకు పోయి ఆమెను క్షమించమని అడిగాం. ఆమె ఏమందో తెలుసా? "మీరు పెద్దోళ్ళు అయ్యగారూ, మీకు ఏదో తెలిసే అన్నరు అనుకున్న. నా పాట దేవుడికి పడదేమో అనుకున్న." తిట్టినా బాగుండేది. రెండేళ్ళు ఒక బిడ్డ తన పాట తండ్రికి పడదనుకుంటూ కూర్చుంది, మా వల్ల.

తిరిగొస్తూ చౌదరి గారు గుర్తొచ్చారు. ఆయన తన నేల మీది భక్తుల పద్ధతి తీసుకుని క్రీస్తుకు పాడారు. యాడి చేసింది కూడా అదే. ఆయనకు వందేళ్ళు దాటాయి కాబట్టి, పుస్తకంలో అచ్చయ్యాడు కాబట్టి మాకు అది ఆరాధనలా వినిపించింది. ఈమెకు చదువు లేదు కాబట్టి పెళ్ళి ఏడుపులా వినిపించింది. చదువు లేదనా? మా నానమ్మకు మాత్రం ఏం చదువుంది? మన అడవి వైపు దుమ్మగూడెంలో 1860ల నుంచే కోయవారి మధ్య మిషను పని జరిగింది. సువార్త భాగాలను కోయ భాషలోకి దించే ప్రయత్నం 19వ శతాబ్దంలోనే చేశారు. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ళకు తట్టిన సంగతి, పక్క ఊళ్ళో పుట్టిన మాకు తట్టలేదు.

తమ్ముడికి జవాబు

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకు ఇదీ మా జవాబు. నీ పాటల్లో కొన్ని మాకు నచ్చుతాయి, కొన్ని నచ్చవు. కొత్తవి కాబట్టి నచ్చవని మాత్రం ఇక అనం. కీర్తనకారుడే 96వ కీర్తనలో కొత్త పాట పాడమన్నాడు. అపొస్తలుడైన పౌలు కొలస్సయి 3:16లో ఒక్క రకం పాట చెప్పలేదు, మూడు రకాలు చెప్పాడు. మా చెవికి నచ్చనంత మాత్రాన దేవుని చెవికి నచ్చదని చెప్పే అధికారం మాకు లేదు. చిన్నప్పటి పాట మన చెవిని తయారు చేస్తుంది. అందుకు దేవునికి వందనాలు. కానీ ఆ చెవిని దేవుని గుడికి కాపలా పెట్టకూడదు. మేము పెట్టాం. మీరు పెట్టకండి, ఈ వైపు నుంచి గానీ ఆ వైపు నుంచి గానీ. పాత పాట ముసలమ్మలదని మీరు పక్కన పెట్టినా అది కూడా నోరు మూయించడమే.

ఒక్క సంగతి మాత్రం అడుగుతాం. నువ్వు కట్టే పాట కరెంటు పోయినప్పుడు పాడగలగాలి. తెర మీద అక్షరాలు లేకుండా పాడగలగాలి. చదువురాని అమ్మ రెండుసార్లు వింటే అందుకోగలగాలి. సమాధి దగ్గర గొంతు పెగలనప్పుడు కూడా పాడగలగాలి. నానమ్మ పాట ఇవన్నీ చేసింది. యాడి పాట కూడా చేసింది. నీ పాట కూడా చేస్తే మేమే ముందు అందుకుంటాం.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధనలో మూడు పాటలు పెడదాం. త్రాహిమాం మన పెద్దమ్మలు ఎత్తుతారు, పుస్తకం చూడకుండా. తర్వాత తండా నుంచి యాడి, ఆమె మనవరాళ్ళు పాడతారు. మాటలు రాకపోయినా అందుకోండి. ఆఖరున యౌవనస్థుల పాట. డప్పు కొట్టేవాళ్ళు డప్పు తెచ్చుకోండి. ఇళ్ళల్లో ముసలివాళ్ళు ఉంటే ఈ లోపల వాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళకు నోటికి వచ్చిన పాటలు నేర్చుకోండి, ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. మా నానమ్మ గొంతు మా దగ్గర లేదు. ఆమె పాడిన పాట మాత్రమే ఉంది.

ప్రార్థన చేద్దాం. కరుణగల తండ్రీ, మునిగిపోయే మా కేక విని చెయ్యి చాపినందుకు వందనాలు. మాకు పాట నేర్పిన చదువురాని తల్లులను బట్టి వందనాలు. నీ బిడ్డల నోరు మేము మూయించిన చోట మమ్మల్ని క్షమించు. ఏ భాషలో, ఏ బాణీలో నిన్ను పిలిచినా ఆగి వినే నీ మనసు మాకు ఇవ్వు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.